పందికి నొప్పి ఉండదా?

మా నల్గొండ వైపు పంది మాట ఎత్తితే చాలు, ముక్కు మూసుకుని మున్సిపాలిటీని తిట్టడం మొదలుపెడతారు. కాలనీలో తిరుగుతున్నాయి, కాలువలో పొర్లుతున్నాయి, అంతే గొడవ. దానికీ నొప్పి ఉంటుందన్న సంగతి ఎవరికీ పట్టదు, ఆదివారం కూర వండుకునేవాళ్లకు కూడా.

తినొద్దని నేననట్లేదు. కానీ మిర్యాలగూడ రోడ్డు మీద బండి వెనక అడ్డంగా కట్టి తీసుకెళ్లే పందిని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? రైల్వే గేటు దగ్గర ఒకసారి అలాంటి బండి నా పక్కనే ఆగింది. నాలుగు కాళ్లూ కలిపి తాడుతో బిగించారు, అరవకుండా మూతికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టారు. తాడు ఒరుసుకున్న చోట తోలు లేచిపోయి ఎర్రగా ఉంది, డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. పందికి మనలాగా చెమట పట్టదు, ఒళ్లు చల్లబడాలంటే నీళ్లో బురదో కావాలి (మురికిదని మనం తిట్టేది ఈ పనికే మళ్లీ), మూతి కూడా కట్టేస్తే మే నెల ఎండలో రొప్పడానికి కూడా వీల్లేదు.

కోసే చోట ఇంకా ఘోరం. స్పృహ తప్పించకుండానే పొడిచేస్తారు, మిగతా పందులు పక్కనే కట్టేసి ఉంటాయి. ఒక జంతువు చూస్తుండగా ఇంకోదాన్ని కోయకూడదని 2001 నాటి కబేళా నియమాల్లోనే ఉంది, చూలుతో ఉన్నదాన్ని అసలు కోయకూడదనీ ఉంది. తలకు రెండు పక్కలా కరెంటు పట్టకారు పెట్టి ముందు స్పృహ తప్పించే పద్ధతి కొత్తదేం కాదు. ఒక షాపులో అడిగితే "పందికి గూడ ఇవన్ని గావాల్నా సార్" అని నవ్విండు.

ఇందుకు తరతరాలుగా పందులు మేపుకునే ఎరుకల కుటుంబాలను తిట్టిపోయడం మాత్రం నాకు నచ్చదు. వాళ్ల పంది తిరుగుతుంది, మట్టి తవ్వుకుంటుంది, పిల్లల్ని వేసుకుని పడుకుంటుంది, నరకమంతా ఆఖరి పూటే. నాకు భయం కొత్తగా లేస్తున్న సీమపందుల (విదేశీ జాతి పందుల) షెడ్లతోనే. కేంద్రం పశుసంపద మిషన్ కింద 100 ఆడపందుల యూనిట్‌కు 30 లక్షల దాకా సబ్సిడీ ఉందనగానే అందరూ లెక్కలేసుకుంటున్నారు, వాళ్లకు యూట్యూబులో దొరికే సలహాల్లో చూలుపందిని ఇనుప బోనులో పెట్టడం కూడా ఒకటి. రెండడుగుల వెడల్పు, వెనక్కి తిరగడానికి కూడా జాగా ఉండదు, చూలు కాలమేమో దాదాపు 114 రోజులు. యూరప్‌లో 2013 నుంచి చూలు కట్టిన మొదటి నాలుగు వారాలు దాటాక, ఈనడానికి వారం ముందు దాకా ఆ బోన్లు నిషేధం. జంతువు కదలడానికి చాలని బోనులో ఉంచడం నేరమని మన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా చెబుతోంది.

సబ్సిడీ ఫైలు మీద సంతకం పెట్టే ముందే షెడ్డు ప్లానులో పొర్లడానికి నీటి గుంట, తిరగడానికి జాగా చూపించమని అడిగితే సగం పని అయిపోతుంది. కట్టేశాక బోన్లు పీకించడం ఎవరివల్లా కాదు, అప్పటికి బ్యాంకు కిస్తీలు మొదలై ఉంటాయి.