ఇరవై గడుల్లో ఏడు నావే: మా ఇంటి వైఫై రిపేరు డైరీ

తిరుపతిలో ఇల్లుంటే చుట్టాలకు కొదవ ఉండదు. దర్శనానికి ముందు రోజు దిగుతారు, కొండ దిగాక ఒక పూట ఉండి బస్సెక్కుతారు. బ్యాగు కింద పెట్టకముందే అడిగేది మంచినీళ్ళు కాదు, వైఫై పాస్‌వర్డ్. దాంతో వచ్చిన తిప్పలే ఇవి.

మొదటి ఆదివారం

మా ఆవిడ చిత్తూరులో పుట్టింట్లో పది రోజులుండి వచ్చింది. ఫోన్ వైఫైకి తగలడం లేదు. 'ఐపీ అడ్రస్ పొందుతోంది' అని కాసేపు తిరుగుతుంది, ఆగిపోతుంది. "నేను లేనప్పుడు ఏం కెలికావు?" అంది. నిజంగా ఏమీ కెలకలేదు. అంటే, ఈ మధ్య కెలకలేదు.

బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి రౌటర్ పేజీ తెరిచాను. వైఫైకి తగిలే ఒక్కో పరికరానికీ రౌటర్ ఒక నంబరు ఇస్తుంది, ఐపీ అడ్రసంటే అదే. ఆ అడ్రసులు పంచడానికి 100 నుంచి 119 వరకు అని ఎప్పుడో నేనే రాసిపెట్టాను. ఇరవై గడులు. ఇరవైకి ఇరవై నిండిపోయాయి. ఒకసారి ఇచ్చిన అడ్రసు ఎంతసేపు ఉంచాలి అన్నచోట 10080 నిమిషాలు, అంటే వారం. వచ్చినవాళ్ళు మదనపల్లె చేరిపోయినా వాళ్ళ ఫోన్లు మా ఇంట్లో కాపురం ఉన్నట్టే లెక్క.

లెక్కబెట్టాను. చుట్టాలవి ఎనిమిది. నా ఫోను, అమ్మ ఫోను, మా దగ్గరుండి చదువుకునే అక్క కూతురి ఐఫోను, మూడు. మా అబ్బాయి ఫోన్ ఒక్కటే, గడులు మాత్రం రెండు. మిగతా ఏడింటికీ ఒకటే పేరు: నా లాప్‌టాప్! విండోస్‌లో ఈ వైఫైకి హార్డ్‌వేర్ అడ్రసును రోజూ మార్చు అనే ఆప్షన్ ఉంది. ఎప్పుడో సరదాకు పెట్టి మరిచిపోయాను. రోజుకో కొత్త ముఖంతో వచ్చి రోజుకో గడి తీసుకుంది. ఈ సంగతి మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.

అసలు సంగతేమిటంటే, ప్రతి పరికరానికీ ఫ్యాక్టరీలోనే 12 అక్షరాల హార్డ్‌వేర్ అడ్రసు, అంటే మ్యాక్ అడ్రసు, ఒకటి వేస్తారు. అదెప్పుడూ ఒకటే అయితే, మనం ఏ వైఫై దగ్గర ఎప్పుడున్నామో గుర్తుపట్టడం తేలిక. అందుకని ఫోన్లు దొంగ పేరు చెప్పడం మొదలెట్టాయి. ఆండ్రాయిడ్‌లో 2019లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి, ఐఫోన్‌లో 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి, మనం ముట్టుకోకపోయినా ఇది ఆన్‌లోనే ఉంటుంది. మంచి పనే. మన ఇంట్లో కూడా మనకే దొంగ పేరు చెబుతుందని మాత్రం నాకు తట్టలేదు.

గుర్తుపట్టడానికి చిన్న కిటుకు ఉంది. అడ్రసులో రెండో అక్షరం చూడండి. 2, 6, ఇంగ్లీషు ఏ (A), ఈ (E) లలో ఏదైనా ఉంటే అది ఫ్యాక్టరీది కాదు, అప్పటికప్పుడు పుట్టించుకున్నది. అబ్బాయి ఫోన్‌వి ఒకటి డీ2తో, ఇంకొకటి 7ఈతో మొదలయ్యాయి. రెండూ దొంగవే.

ఆ రోజు చేసింది: గడులు 100 నుంచి 199 వరకు పెంచాను, గడువు 120 నిమిషాలకు తగ్గించాను, లాప్‌టాప్‌లో ఆ ఆప్షన్ తీసేశాను. ఆవిడ ఫోన్ వెంటనే తగిలింది.

బుధవారం

అక్కడితో ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. మన ఫోన్లకు తప్ప ఎవరికీ తగలకుండా మ్యాక్ ఫిల్టర్ పెడదామనుకున్నాను. ఫోన్ సెట్టింగ్స్‌లో 'ఫోన్ గురించి' పేజీలో ఉన్న అడ్రసులు చూసి పుస్తకంలో రాసుకుని, రౌటర్‌లో ఎక్కించి సేవ్ కొట్టాను. ఇంట్లో ఫోన్లన్నీ ఒకేసారి పోయాయి, నాదీ పోయింది. నేను ఎక్కించింది ఫ్యాక్టరీ అడ్రసులు, అవి రౌటర్‌కు చెప్పేది వేరే. పాత డెస్క్‌టాప్‌కు లాన్ కేబుల్ ఉండబట్టి బతికిపోయాను. ఫిల్టర్ తీసేశాను, మళ్ళీ పెట్టను. అడ్రసు కాపీ కొట్టడం తెలిసినవాడికి అదేం అడ్డు కాదు. పాస్‌వర్డ్ గట్టిగా ఉంటే చాలు.

శనివారం రాత్రి

రెండు గడుల గుట్టు తేలింది. తొమ్మిదిన్నరకు అబ్బాయి ఫోన్‌కు నెట్ ఆగేలా రౌటర్‌లో రూల్ పెట్టాను. పది దాటినా మిద్దె మీద గదిలో వెలుగు కనిపిస్తోంది. వెళ్ళి అడిగితే వాడేం దాచలేదు. "దాంట్లో ఆగిపోయింది నాన్నా, 5జీ పేరున్నదాంట్లో వస్తా ఉంది" అన్నాడు.

మా రౌటర్ 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు సిగ్నళ్ళు ఇస్తుంది, 2.4కు ఒక పేరు, 5కు ఒక పేరు చూపిస్తుంది. ఆండ్రాయిడ్ ఈ దొంగ అడ్రసును వైఫై పేరును బట్టి తయారుచేస్తుంది. పేరు మారితే అడ్రసు మారుతుంది. నా రూల్ ఒక అడ్రసు మీదే ఉంది.

వాడి ఫోన్‌లో ఆ వైఫై పేరు నొక్కి, ప్రైవసీలో 'డివైస్ మ్యాక్' ఎంచుకుంటే నిలకడగా ఉంటుంది. కానీ నేను మార్చింది వాడు మళ్ళీ మార్చలేడా? తొమ్మిదో తరగతి వాడికి నాకంటే ఎక్కువే తెలుసు. అందుకే రూల్‌ను ఫోన్ మీద కాకుండా వైఫై మీదే పెట్టాను. రెండు పేర్లూ కలిపి ఒక్కటి చేశాను, పాస్‌వర్డ్ మార్చాను, అది పెద్దవాళ్ళకే. అబ్బాయికీ చుట్టాలకూ గెస్ట్ వైఫై. మా రౌటర్‌లో దానికి టైమ్ పెట్టే వీలుంది, తొమ్మిదిన్నరకు మొత్తం ఆగిపోతుంది. ఎవరు ఏ పేరుతో వచ్చినా ఒకటే.

పేర్లు కలిపాక గేటు దగ్గరి కెమెరా ఒక్కటి మొరాయించింది. అది 2.4 మాత్రమే పట్టుకునే రకం. 5ను పది నిమిషాలు ఆపి, కెమెరాను కలిపి, మళ్ళీ ఆన్ చేస్తే సరిపోయింది. అక్క కూతురి ఐఫోన్‌ను ముట్టుకోలేదు. ఐఓఎస్ 18లో 'ఫిక్స్‌డ్' అని ఉంటే మన వైఫైకి ఒకే అడ్రసు చూపిస్తుంది, మన పనికి అది చాలు. 'ఫర్‌గెట్' మాత్రం నొక్కొద్దని చెప్పాను.

నిన్న

కడప నుంచి చిన్నాయన వాళ్ళు వచ్చారు. తొమ్మిదీ నలభైకి చిన్నాయన ఫోన్ పట్టుకుని కిందికి దిగాడు. "ఏమప్పా, నెట్ పోయిందే, పొద్దున దర్శనం టికెట్ దీంట్లోనే ఉంది" అన్నాడు. పెద్దాయనకు లేదని ఎలా చెప్తాం? పెద్దవాళ్ళ పాస్‌వర్డ్ ఒక్కో అక్షరం చెబుతుంటే, ఆయన కళ్ళజోడు పైకెత్తుకుని, ఒక్కోటీ పైకి చదువుతూ కొట్టాడు. మెట్ల మీద అబ్బాయి నిలబడి ఉన్నాడు.

చిన్నాయన వాళ్ళు బస్సెక్కగానే మళ్ళీ మార్చాలి.