వేరుశనగ గింజల సప్తర్షి మండలం

ఎనిమిదో తరగతిలో నక్షత్ర మండలాల పాఠాన్ని మన సైన్సు టీచరు పుస్తకం తెరవకుండానే మొదలుపెట్టారు. వరండాలో ముగ్గుపిండితో ఏడు చుక్కలు పెట్టి, ఎవరికి తోచినట్లు వాళ్లు కలపమన్నారు. కొందరికి గరిటె వచ్చింది, కొందరికి నాగలి. పల్లెల నుంచి వచ్చే పిల్లలు మాత్రం నాలుగు చుక్కలు మంచం కోళ్లనీ, మిగిలిన మూడూ దొంగలనీ చెప్పారు. వాళ్ల అవ్వలు చెప్పిన కథ అది. టీచరు దాన్ని సప్తర్షుల పేర్ల పక్కనే నల్లబల్ల మీద రాశారు. ఆ గౌరవం నాకు ఎంతో నచ్చింది.

తర్వాతి పని ఇంకా గొప్పది. చీపురు ఈనెలతో చట్రం కట్టి, ఆ ఏడు చోట్లా దారాలు వేలాడదీసి, కొసన వేరుశనగ గింజలు గుచ్చాం. అనంతపురంలో వాటికి కొదవేమిటి! దారం పొడవు మన నుంచి ఆ నక్షత్రానికి ఉన్న దూరం; కాంతి సంవత్సరానికి, అంటే కాంతి ఏడాదిలో సాగే దూరానికి, ఒక సెంటీమీటరు లెక్క. మధ్యలోని ఐదింటికి దాదాపు 80 సెంటీమీటర్లు, ఒక చివరి మరీచికి 104, రెండో చివరి క్రతువుకు 123. బెంచీ ఎక్కి పైనుంచి చూస్తే మంచం కనిపించింది. పక్కనుంచి చూస్తే ఆకారమే లేదు! మధ్యలోని ఐదూ ఒకే చోట పుట్టి కలిసి సాగుతున్న తోబుట్టువులనీ, చివరి రెండింటికీ వాటితో బంధుత్వం లేదనీ అప్పుడు చెప్పారు. కళ్లెదుట దారాలు వేలాడుతుంటే ఆ మాట ఇక మరిచేదెలా?

మే నెల మధ్యలో, సెలవుల్లోనే, చంద్రుడు లేని ఒక రాత్రి తొమ్మిదింటికి మమ్మల్ని మైదానానికి పిలిచారు. చేయి చాచి పిడికిలి పడితే ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. ధ్రువుడి ఎత్తు దాదాపు ఊరి అక్షాంశమంత. మన ఊరి అక్షాంశం 15 డిగ్రీలకు కాస్త తక్కువ కాబట్టి ఉత్తరాన ధ్రువుడు పిడికిలిన్నర ఎత్తులో దొరికాడు, అతని పైన సప్తర్షులు. వెనక్కి తిరిగితే దక్షిణాన దాదాపు అంతే ఎత్తులో శిలువ ఆకారపు నక్షత్ర మండలం త్రిశంకు! ఆస్ట్రేలియా వాళ్లకు ధ్రువుడు కనిపించడు, ఇంగ్లండు వాళ్లకు త్రిశంకు కనిపించదు. నిలుచున్న చోటే వెనుదిరిగి రెండింటినీ చూడగల ఊరు మనదని తెలిసి నేను పొంగిపోయాను. నేటికీ ఆ గర్వం తగ్గలేదు.

ఇప్పుడు ఆ మైదానంలో రాత్రంతా పెద్ద దీపాలు వెలుగుతున్నాయి. త్రిశంకును వెతకడం కష్టం. వచ్చే మే నెలలో మన బడి పూర్వ విద్యార్థులం కలిసే రోజున ఒక గంటసేపు వాటిని ఆర్పించి, ఇప్పటి ఎనిమిదో తరగతి పిల్లలను పిలుద్దాం. ఈనెలు, దారాలు, గింజలు నేను తెస్తాను.