విజయవాడ నుంచి గ్లాస్ డిజైన్ పీజీకి: నా ప్రిపరేషన్

అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో సిరామిక్, గ్లాస్ డిజైన్ విభాగంలో ఎం.డిజైన్ చేయాలన్న కోరికతో నేను రెండుసార్లు డిజైన్ ఆప్టిట్యూడ్ టెస్ట్ రాశాను. మొదటిసారి మెయిన్స్ దగ్గర ఆగిపోయాను, రెండోసారి సీటు వచ్చింది. ఈ రెండింటి మధ్య నా చదువులో ఏం మారిందో చెబితే, మన వైపు నుంచి సిద్ధమవుతున్న మీకు పనికొస్తుందని రాస్తున్నాను.

ప్రిలిమ్స్ గురించి చెప్పవలసింది తక్కువే. రోజూ బొమ్మలు గీయడం, పాత ప్రశ్నపత్రాలను సమయం చూసుకుంటూ చేయడం ఏ విభాగానికైనా ఒకటే. పరీక్ష తీరు మారుతూ ఉంటుంది కాబట్టి ఆ ఏడాది అడ్మిషన్ హ్యాండ్‌బుక్‌నే నమ్ముకోండి. స్టూడియో టెస్ట్, ఇంటర్వ్యూ ఉండే మెయిన్స్‌లోనే అసలు తేడా బయటపడుతుంది.

మొదటి ఏడాది నేను చేరిన కోచింగ్ సెంటర్‌లో పెన్సిల్ పని చక్కగా నేర్పారు కానీ, గాజును ఒక్కరోజు కూడా ముట్టించలేదు. చరిత్ర మాత్రం శ్రద్ధగా చదివాను. 1962లో అమెరికాలోని టొలీడో మ్యూజియంలో హార్వీ లిటిల్‌టన్ అనే కళాకారుడు నడిపిన వర్క్‌షాపులతో గాజు ఊదే పని ఫ్యాక్టరీ దాటి కళాకారుల సొంత స్టూడియోల్లోకి వచ్చిందని చెప్పగలను. కానీ గాజును నిదానంగా ఎందుకు చల్లార్చాలని ఇంటర్వ్యూలో అడిగినప్పుడు ‘ఎనీలింగ్’ అన్న పేరు తప్ప నా నోటి నుంచి ఇంకేమీ రాలేదు.

తిరిగి వచ్చాక వన్‌టౌన్‌లో ఒక అద్దాల కొట్టుకు మూడు నెలలు రోజూ సాయంత్రం వెళ్లాను. కొట్టు బాబాయ్ గారు కట్టర్ చక్రాన్ని కిరోసిన్‌లో ముంచి, స్కేలు వెంబడి ఒకే ఒత్తిడితో లాగేవారు. సన్నగా, తెగకుండా కిర్రుమనే ఆ చప్పుడును బట్టే గీత సరిగ్గా పడిందో లేదో ఆయనకు తెలిసిపోయేది. నేను తడబడి అదే గీత మీద మళ్లీ కట్టర్ పెట్టబోతే, “ఒక్కసారే పడాలమ్మా, రెండోసారి గీస్తే కట్టరూ పాడవుతుంది, గాజూ పాడవుతుంది” అనేవారు. గీత పడగానే కింది నుంచి చిన్నగా తట్టి విరవాలి, ఆలస్యం చేస్తే దారి తప్పి విరుగుతుంది. వేడిచేసి వేగంగా చల్లార్చి గట్టిపరచిన టఫెన్డ్ గాజునైతే కోయడమే కుదరదు, మొత్తం పలుకులై రాలిపోతుంది. లోపల బిగించి ఉంచిన ఒత్తిడి అంటే ఏమిటో నాకు అర్థమైంది ఆ పలుకులను చేత్తో ఎత్తి పోసిన రోజునే.

గుంటూరులో మట్టి పాత్రలు కాల్చే చిన్న ఎలక్ట్రిక్ కొలిమి ఉన్న స్నేహితురాలి దగ్గర తర్వాతి ప్రయోగం చేశాను. నాలుగు మిల్లీమీటర్ల కిటికీ గాజు మీద చేతికి వేసుకునే నీలం గాజుల ముక్కలు పేర్చి 800 డిగ్రీలు దాటించి కరిగించాం, దిగేటప్పుడు ఎనీలింగ్ కోసం 550 దగ్గర గంటసేపు నిలిపాం. పైన పూసిన బంగారు రంగు మాడిపోయింది కానీ, గాజులోనే కలిసి ఉన్న నీలం చెక్కుచెదరలేదు. పలక బాగానే వచ్చిందని మురిసిపోయాం. మూడో రోజు రాత్రి బల్ల మీద ‘టక్’మని చప్పుడు వినిపించి చూస్తే, నీలం ముక్క అంచు వెంబడే పగులు పాకి ఉంది. చల్లార్చడంలో లోపం లేకపోయినా, రెండు రకాల గాజు చల్లబడేటప్పుడు ఒకే లెక్కన ముడుచుకోకపోతే అతుకు దగ్గర ఒత్తిడి మిగిలిపోతుంది. ప్రయోగశాల బీకర్లు చేసే బోరోసిలికేట్ ఒక డిగ్రీ వేడికి పది లక్షల్లో సుమారు 3.3 వంతులు సాగితే, కిటికీ గాజు సుమారు 9 వంతులు సాగుతుంది. నేను బట్టీపట్టిన ఈ అంకెలకు అర్థం చెప్పింది ఆ పగులే.

ఇంటర్వ్యూకు మన నేల మీది విషయాలు కూడా చదవండి. శ్రీకాళహస్తి వైపున్న పాపానాయుడుపేటలో కరిగిన గాజును పొడవాటి గొట్టంగా లాగి, ముక్కలు కోసి పూసలు చేసేవారు. పుదుచ్చేరి దగ్గరి అరికమేడు వంటి చోట్ల దొరికిన ప్రాచీన పూసల తయారీ పద్ధతిని పండితులు అర్థం చేసుకున్నది ఆ పనివారిని చూసే. భట్టిప్రోలు బౌద్ధ స్తూపంలో దొరికిన, అవశేషాలు ఉంచే ధాతు పేటిక స్ఫటికంతో చేసినది. స్ఫటికం అంటే సిలికా. గాజులోనూ ప్రధానంగా ఉండేది ఆ సిలికాయే, కానీ స్ఫటికంలో పరమాణువులు వరుస తప్పవు, గాజులో ఆ వరుస కుదరదు. ఈ ఒక్క పోలికతోనే గాజు స్వభావాన్ని ఐదు నిమిషాలు వివరించవచ్చు.

పోర్ట్‌ఫోలియోలో బాగా వచ్చిన వాటినే పెట్టాలన్న సలహాను నేను పాటించలేదు. పగిలిన ఆ పలకను, ఏ డిగ్రీ దగ్గర ఎంతసేపు నిలిపామో రాసుకున్న కాగితంతో సహా, గాజుల కొట్టువాళ్లు చేసినట్టు వరిగడ్డిలో పొదిగి కట్టి, నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో ఒళ్లో పెట్టుకొని తీసుకెళ్లాను. ఇంటర్వ్యూ సమయంలో ఎక్కువ భాగం దాని గురించే మాట్లాడుకున్నాం.