తలసేమియా పరీక్షను కొంకి పురుగులు తప్పుదారి పట్టించిన వైనం: నా అనుభవం

నెల్లూరులో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మాది మేనరికం. బావది కోవూరు పక్క పల్లె, పెన్నా కాల్వ కింద వరి సాగు.

గర్భం ఏడో వారంలో నా సీబీసీ (రక్తకణాల లెక్క): హిమోగ్లోబిన్ 10.1, ఎర్ర కణాలు 54 లక్షలు, ఎంసీవీ (ఎర్ర కణాల సగటు సైజు) 62. 10.1 ఒక్కటే చూసినవాళ్లు ఐరన్ మాత్రలు రాసి పంపేస్తారు. మిగతా రెండు అంకెలూ చూడాలి. ఇనుము చాలకపోతే కణాల సైజుతో పాటు సంఖ్య కూడా తగ్గుతుంది. తలసేమియా అంటే హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని, పుట్టుకతో వచ్చే రక్త జబ్బు. దాని జన్యువు ఒకటి మోసేవాళ్లలో (వాహకుల్లో) కణాలు బాగా చిన్నవిగా ఉన్నా సంఖ్య మాత్రం నిండుగా ఉంటుంది. ఎంసీవీని కణాల సంఖ్యతో (మిలియన్లలో) భాగిస్తే 13 కంటే తక్కువ వస్తే అనుమానించాలి. నాకు 62ని 5.4తో భాగిస్తే 11.5 వచ్చింది.

అనుమానం తేల్చేది హెచ్‌పీఎల్‌సీ, అంటే హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే పరీక్ష. ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో (రక్తం గడ్డకట్టనివ్వనిది) 2 మి.లీ. రక్తం చాలు, పరగడుపున ఉండక్కర్లేదు. గత మూడు నెలల్లో రక్తం ఎక్కించుకుని ఉంటే మాత్రం ముందే చెప్పాలి, లేకపోతే దాత రక్తానికి కూడా కలిపి పరీక్ష చేసినట్టవుతుంది. వాటిలో ఏ2 అనే రకం హిమోగ్లోబిన్ 3.5 శాతం దాటితే సాధారణంగా వాహకులే. నాకు 5.4.

వాహకులకు జబ్బు ఉండదు. ఇద్దరూ వాహకులైతేనే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తలసేమియా మేజర్ (రెండు కాపీలూ చేరినప్పుడు వచ్చే తీవ్రమైన జబ్బు) వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అందుకే భర్త రక్తం కూడా అదే రోజు ఇవ్వాలి. వారం ఆగి చూద్దామనుకుంటే ఆ వారం తర్వాత దొరకదు.

బావ ఏ2 3.4 వచ్చింది. రిపోర్టు కింద "నార్మల్" అని రాశారు. అత్త అప్పుడే దేవుడికి దండం పెట్టింది. నాకు మాత్రం పక్కనే ఉన్న ఎంసీవీ 66 మీదే కన్ను పడింది. 3.4 ఏ2తో ఆ ఎంసీవీ పొసగదు. ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే పరీక్ష) చేయిస్తే 9, బాగా తక్కువ. ఇనుము బాగా తగ్గినప్పుడు ఏ2 తయారీ కూడా తగ్గి, వాహకుడి రిపోర్టు కూడా నార్మల్‌లా కనిపిస్తుంది.

తిండికి లోటు లేని ముప్పై ఏళ్ల మగమనిషికి ఇనుము ఎక్కడికి పోతోంది? ఎడగారు నాట్లప్పుడు చెప్పుల్లేకుండా బురదలో దిగే కాళ్లు గుర్తొచ్చాయి. కొంకి పురుగులు (హుక్‌వార్మ్‌లు) ఉన్నాయేమోనని మలపరీక్ష చేశాను. వెడల్పు మూత డబ్బాలో, తెచ్చిన గంటలోపే చూడాలి. ఆలస్యమైతే కొంకి పురుగు గుడ్లు పిగిలి పిల్లలు బయటికొస్తాయి, గుర్తుపట్టడం కష్టం. స్లైడు మీద ఒకవైపు సెలైన్ చుక్క, ఇంకోవైపు అయోడిన్ చుక్క. మైక్రోస్కోపులో ముందు 10, తర్వాత 40 లెన్స్. పల్చని పెంకులో నాలుగైదు కణాలు గుత్తిగా, పెంకుకీ గుత్తికీ మధ్య తెల్లగా ఖాళీ. మూడు ఫీల్డుల్లో రెండు గుడ్లు దొరికాయి. ఈ పురుగు పిల్ల అరికాలి చర్మంలోంచి దూరి, చివరికి పేగును కరుచుకుని రక్తం పీలుస్తుంది. ఆంకిలోస్టోమా రకమైతే ఒక్కో పురుగు రోజుకు దాదాపు 0.2 మి.లీ.

డాక్టరుగారు బావకు ఆల్బెండజోల్ 400 మి.గ్రా. ఒకే మోతాదు, ఐరన్ మూడు నెలలు రాశారు. (గర్భిణులు మొదటి మూడు నెలల్లో ఆల్బెండజోల్ మింగకూడదు.) ఇనుము నిండాక మళ్లీ హెచ్‌పీఎల్‌సీ చేయడమే మామూలు పద్ధతి. కడుపుతో ఉన్నప్పుడు మూడు నెలలు ఆగలేం కాబట్టి నేరుగా ఇద్దరి డీఎన్‌ఏ పరీక్షకు వెళ్లాం. ఒక్కొక్కరిది 3 మి.లీ., ఈడీటీఏలోనే. శాంపిల్ ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, ఫ్రీజర్‌లో కాదు. తొమ్మిదో రోజు రిపోర్టు వచ్చింది: ఇద్దరిలోనూ ఐవీఎస్ 1-5 అనే జన్యు మార్పు, మన దేశంలో తలసేమియాకు ఎక్కువగా కనిపించే మార్పు ఇదే.

"అంటుకునేదా అమ్మా ఇది?" అని అత్త అడిగింది. పురుగులు మట్టి ద్వారా అంటుకుంటాయి, జన్యువు పుట్టుకతోనే వస్తుంది అని చెప్పాను. ఈ జన్యువు ఒక కాపీ ఉన్నవాళ్లకు మలేరియా నుంచి కొంత రక్షణ దొరికి ఉండొచ్చని జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ 1949లోనే ఊహించారు. అందుకే మలేరియా ప్రాంతాల్లో ఇది ఇన్ని తరాలు నిలిచింది.

పన్నెండో వారంలో సీవీఎస్, అంటే మావి ముక్క తీసి బిడ్డ జన్యువులు చూసే పరీక్ష. దీనికి ముందు తల్లిదండ్రులిద్దరి మార్పులూ తేలి ఉండాలి, లేకపోతే బిడ్డ శాంపిల్లో దేనికోసం వెతకాలో తెలియదు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు కూడా ముందే అడుగుతారు, సూదితో తల్లి ఇన్ఫెక్షన్ బిడ్డకు చేరకూడదని. తల్లిది నెగటివ్ గ్రూపైతే యాంటీ-డీ ఇంజెక్షన్ కావాలి. లింగ నిర్ధారణను నిషేధించే 1994 చట్టం ప్రకారం ఫారం జీ (సమ్మతి పత్రం) మీద సంతకం తీసుకుంటారు, ఆడో మగో చెప్పరు. స్కాన్ చూస్తూ పొట్టలోంచి సూది దించి మావి నుంచి చిన్న ముక్క తీస్తారు. నొప్పి భరించగలిగేదే. గర్భం పోయే ప్రమాదం చాలా తక్కువ, లేదని మాత్రం కాదు. తీసిన ముక్కలో తల్లి కణాలు కలిస్తే ఫలితం తప్పుతుంది. ఆ పరీక్ష కూడా చేశారో లేదో రిపోర్టులో చూసుకోండి.

బిడ్డకు ఒక కాపీయే ఉంది, మాలాగే వాహకురాలో వాహకుడో.

మూడు నెలల ఐరన్ అయ్యాక బావ రక్తం నేనే తీసి మళ్లీ హెచ్‌పీఎల్‌సీకి పంపాను. ఫెరిటిన్ 52. ఏ2 4.9.