కింది బోల్టు

నిన్న మా పాత కారు స్టార్టర్ మోటార్ (ఇంజనుని తిప్పి స్టార్ట్ చేసేది) నేనే మార్చాను, విజయనగరంలో మా ఇంటి ముందే.

వారం నుంచి తాళం తిప్పితే టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. బ్యాటరీ పోయిందనుకున్నాను. మీటరు పెడితే 12.6 వోల్టులు ఉంది, అంటే బ్యాటరీ బాగానే ఉంది. నాన్న సుత్తి పిడితో మోటార్ మీద మెల్లగా తడితే ఒకసారి స్టార్టయింది. దాంతో లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగాయని అర్థమైంది.

ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేశాను. మీరెవరైనా చేస్తే దయచేసి ఇది మర్చిపోకండి. మోటార్‌కి వచ్చే లావు వైరులో తాళం తీసేసినా కరెంటు ఉంటుంది, స్పానరు కారు బాడీకి తగిలితే నిప్పురవ్వలే.

పై బోల్టు తేలిగ్గా వచ్చేసింది. కింది బోల్టు మాత్రం గంటన్నర పట్టింది. తుప్పు పట్టిపోయి, కంటికి కనబడని చోట ఉంది. వేళ్లతో తడుముకుంటూ స్పానరు పెడితే పావు చుట్టు కూడా తిరగదు. నాకు టెన్షన్. నాన్న టార్చి పట్టుకుని పక్కనే కూర్చుని, "తొందరేటిరా, ఆయిలు నాననీ" అన్నారు. నానాక కిర్రుమని కదిలింది. ఆ చప్పుడుకి ప్రాణం లేచొచ్చింది.

పాతదాని వెనక మూత విప్పి చూస్తే బ్రష్‌లు కందిబద్దంత మిగిలాయి.

కొత్తది బిగించి తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. ఎంత సంతోషమో చెప్పలేను. నాన్న పాత మోటార్‌ని గుడ్డతో తుడిచి అటక మీద పెట్టారు. మంగళవారం ఆయన్ని ఇదే కారులో పైడితల్లమ్మ గుడికి తీసుకెళ్తున్నాను.