మాత్రే కదా అన్నారు అందరూ

నాకు ముందు తెలిసింది క్యాన్సర్ అని కాదు, రక్తం తక్కువుందని. మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ, 46 ఏళ్ళొచ్చాయి ఇవన్నీ మామూలేలే అనుకుని ఐరన్ మాత్రలతో నాలుగు నెలలు నెట్టుకొచ్చా. మలం నల్లగా వస్తుంటే అదీ ఐరన్ వల్లే అనుకున్నా (ఐరన్ వేసుకుంటే నిజంగానే నల్లగా వస్తుంది, అదే కొంప ముంచింది). ఒకరోజు బాత్రూంలో కళ్ళు తిరిగి పడిపోతే మా తమ్ముడు తీసుకెళ్ళి అడ్మిట్ చేశాడు. హిమోగ్లోబిన్ 6.2.

ఎండోస్కోపీలో పొట్ట లోపల ఒక ఉబ్బు, దాని మీద చిన్న పుండు, రక్తం పోతోంది అక్కడ్నుంచే. చిన్న ముక్క తీసి టెస్టుకి పంపిస్తే నార్మల్ అని వచ్చింది! ఇంట్లో అందరం హమ్మయ్య అనుకున్నాం, డాక్టరుగారు మాత్రం అనుకోలేదు. "అది పైపొరలో లేదమ్మా, పొట్ట గోడలోంచి పెరుగుతోంది, పైపైన గీకితే ఏం దొరుకుతుంది" అని, చివర అల్ట్రాసౌండ్ ఉండే ఎండోస్కోప్‌తో మళ్ళీ లోపలికి వెళ్ళి సూదితో ముక్క తీశారు. సీటీలో సైజు 11.2 సెంటీమీటర్లు. ఈసారి రిపోర్టులో సీడీ117 పాజిటివ్, డాగ్1 పాజిటివ్ (ఏ రకం గడ్డో గుర్తుపట్టడానికి కణాల మీద వెతికే ప్రోటీన్లట ఇవి), పేరు జిస్ట్.

ఆ పేరు నేనెప్పుడూ వినలేదు, చుట్టుపక్కల ఎవరూ వినలేదు. ఏడాదికి పది లక్షల మందిలో 10, 15 మందికి వస్తుందట. మామూలుగా వినే పొట్ట క్యాన్సర్ కాదిది, సార్కోమా జాతి, అంటే కండ, కొవ్వు లాంటి కణజాలాల్లో పుట్టే రకం. పేగులు ఒక లయలో కదలడానికి తాళం వేసే కణాలు కొన్ని ఉంటాయి, కహాల్ కణాలంటారు, ఆ జాతి కణాల్లోంచి పుడుతుంది.

ఇక కీమో, జుట్టు ఊడటం, వాంతులు అని నేను మానసికంగా సిద్ధమైపోయి కూర్చుంటే డాక్టరుగారు దీనికి కీమో పని చెయ్యదు, మాత్ర ఇస్తాను, కాకపోతే మ్యుటేషన్ రిపోర్టు (గడ్డ జీన్‌లో తప్పు ఎక్కడుందో చెప్పేది) వచ్చాకే అన్నారు. క్యాన్సర్ అని చెప్పి రెండు వారాలు ఆగమంటే ఎలా ఉంటుందో నేను చెప్పలేను. రోజూ తమ్ముడి మీద అరిచేదాన్ని, ఒరేయ్ ఇంకో చోట చూపిద్దాం రా అని. తర్వాత అర్థమైంది ఆ రిపోర్టే అసలు కథ అని. చాలామందికి కిట్ అనే జీన్‌లో ఎక్సాన్ 11 అనే చోట తప్పు ఉంటుంది, వాళ్ళకి డాక్టరుగారు చెప్పిన ఆ మాత్ర, ఇమాటినిబ్, బాగా పనిచేస్తుంది, రోజుకి 400 ఎంజీ. అదే తప్పు ఎక్సాన్ 9లో ఉంటే చాలాసార్లు 800 దాకా తీసుకెళ్తారు. పీడీజీఎఫ్ఆర్ఏ అని ఇంకో జీన్ ఉంది, అందులో డీ842వీ అనే మార్పు ఉంటే ఈ మాత్ర ఎంత మింగినా దండగే, వాళ్ళకి వేరే మందు ఉంది. నాది ఎక్సాన్ 11. ఆ రోజు మా తమ్ముడు లాటరీ తగిలినట్టు గెంతాడు, నేనూ నవ్వాను, క్యాన్సర్ రిపోర్టు చూసి!

మందు ఎలా పనిచేస్తుందో డాక్టరుగారు చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది. కిట్ అనేది కణానికి పెరగమని చెప్పే స్విచ్ లాంటిది, అవసరమైనప్పుడే ఆన్ అవ్వాలి, నాలో అది ఆన్‌లో ఇరుక్కుపోయింది. ఆ స్విచ్ ఆడాలంటే ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) వచ్చి ఒక గుంటలో కూర్చోవాలి, మాత్రలోని మందు ముందే వెళ్ళి ఆ గుంటలో కూర్చుంటుంది. "స్విచ్ బాగుచెయ్యదమ్మా, ఉన్నంతసేపు నొక్కి పట్టుకుంటుందంతే. అందుకే ఒక్కరోజు కూడా మానకూడదు" అన్నారు. అసలిది రక్త క్యాన్సర్‌లో ఒక రకానికి, సీఎంఎల్‌కి చేసిన మందు, 2001లో అమెరికాలో దానికే అనుమతి వచ్చింది. జిస్ట్‌లో మొదటిసారి ఇచ్చింది 2000లో ఫిన్లాండ్‌లో ఒకావిడకి, అప్పటికి ఆవిడకి ఇంక వేరే దారి లేదు. ఆవిడ గురించి నేను చాలాసార్లు అనుకున్నా, పేరు కూడా తెలియదు నాకు, రాత్రి మాత్ర చేతిలో పట్టుకుని.

"మాత్రే కదా" అన్నారు అందరూ. నిజమే, సెలైన్ బాటిల్ లేదు, మంచం మీద పడుకుని లేను, జుట్టు ఉంది. రాత్రి ఎనిమిదిన్నరకి అలారం, కడుపు నిండా తిని, పెద్ద గ్లాసు నిండా నీళ్ళతో మింగాలి, మింగాక వెంటనే పడుకోకూడదు. ఖాళీ కడుపుతో ఒక్కసారి వేసుకుని చూశా, ఇంకెప్పుడూ వేసుకోలేదు. గ్రేప్‌ఫ్రూట్ (ద్రాక్ష కాదు, పంపరపనస లాంటి పండు) జోలికి వెళ్ళకూడదు, లివర్‌లో ఈ మందు అరిగే దారికి అది అడ్డం పడుతుందట. జలుబు మాత్ర కూడా అడగకుండా వేసుకోకూడదు.

రెండో వారానికి కళ్ళు వాచాయి. పొద్దున్న లేచేసరికి కింద రెప్పలు రెండు నీటి సంచుల్లా, ఫోను నా మొహం గుర్తుపట్టేది కాదు, మధ్యాహ్నం దాకా పాస్‌వర్డ్ కొట్టుకోవడమే. ఏడ్చావా అని అడగని మనిషి లేడు. ఒకసారి కంట్లో తెల్లగుడ్డు మీద ఎర్రగా రక్తం మరక, నొప్పి లేదు గానీ చూసినవాళ్ళు భయపడ్డారు, పది రోజుల్లో అదే పోయింది. వీటన్నిటికంటే ఘోరం పిక్కలు పట్టేయడం, అర్ధరాత్రి కేక వేసి లేచేదాన్ని, రాస్తూ ఉంటే వేళ్ళు వంకర తిరిగి అలాగే బిగుసుకుపోయేవి, ఇంకో చేత్తో ఒక్కోటీ విప్పుకోవాలి. అలసట సంగతి ఎవరికీ చెప్పలేకపోయా, ఎందుకంటే చూడ్డానికి బానే ఉన్నాను కదా.

మూడు నెలలకి సీటీ. 11.2 కాస్తా 10.4 అయ్యింది. అంతే. ఇన్ని రోజులు మింగితే ఎనిమిది మిల్లీమీటర్లా అని స్కాన్ సెంటర్ బయటే కూర్చుని ఏడ్చేశా. డాక్టరుగారు ఫిల్ములు పక్కపక్కన పెట్టి సైజు చూడకు రంగు చూడు అన్నారు. పాత దాంట్లో గడ్డ గట్టిగా తెల్లగా ఉంది, కొత్త దాంట్లో నల్లగా నీళ్ళలా ఉంది. లోపల కణాలు చచ్చి జెల్లీలా అయిపోతున్నాయి, బయట సంచి మాత్రం అలాగే ఉంది. జిస్ట్‌లో ముందు సాంద్రత తగ్గుతుంది, సైజు తర్వాత, కొందరికి మొదట్లో కాస్త పెరిగినట్టు కూడా కనిపిస్తుంది, అది చూసి మందు ఫెయిలైందని మానేస్తే అంతకంటే అన్యాయం లేదు అన్నారు. ఈ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే ఆ ఏడుపు తప్పేది, ఆ కోపం నాకు ఇంకా ఉంది.

తొమ్మిదో నెలకి 6 సెంటీమీటర్లకి వచ్చింది, ఆపరేషన్ చేశారు. ముందే కోసి ఉంటే పొట్ట మొత్తం తీయాల్సి వచ్చేదేమో, ఇప్పుడు కొంత ముక్కే పోయింది. గడ్డ పగలకుండా బయటికి రావడం ముఖ్యమట, లోపల పగిలితే మళ్ళీ వచ్చే ప్రమాదం బాగా ఎక్కువ. పగల్లేదు. కోలుకోవడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు, కొంచెం కొంచెం తినడం నేర్చుకున్నా.

మళ్ళీ మాత్ర. అంతా తీసేశారుగా ఇంకెందుకు అన్నా. 2012లో వచ్చిన స్టడీ ఒకటి చెప్పారు, ఆపరేషన్ తర్వాత రిస్క్ ఎక్కువున్నవాళ్ళలో ఏడాది వేసుకున్నవాళ్ళు 5 ఏళ్ళకి 82 శాతం బతికుంటే 3 ఏళ్ళు వేసుకున్నవాళ్ళు 92 శాతం. నాకు ముందు 9 నెలలు కలిపి మొత్తం 3 ఏళ్ళు లెక్క కట్టారు.

ఆ మూడేళ్ళు అయిపోయే రోజు కోసం ఎంత ఎదురుచూశానో, తీరా వచ్చాక చివరి మాత్ర మింగడానికి భయమేసింది. స్విచ్ నొక్కి పట్టుకునే వేలు తీసేస్తున్నాం కదా. ఆపిన మూడో వారం భుజాలు, మోకాళ్ళు ఒకటే నొప్పులు, అయిపోయింది ఎముకల్లోకి వెళ్ళిందని నేనే డిసైడ్ చేసేసుకుని తమ్ముడికి ఫోన్ చేస్తే "అక్కా ముందు డాక్టర్ని అడుగు, తర్వాత ఏడుద్దాం" అన్నాడు. ఇమాటినిబ్ ఆపినప్పుడు కొందరికి కీళ్ళూ కండరాలూ ఇలా నొప్పులొస్తాయట, మెల్లగా తగ్గాయి.

మాత్ర ఆపి ఐదు నెలలైంది. మొదటి స్కాన్ క్లీన్, రెండోది వచ్చే వారం. ఫోను పొద్దున్నే గుర్తుపడుతోంది. ఎనిమిదిన్నర అలారం మాత్రం ఇంకా తీసెయ్యలేదు, మోగితే లేచి పెద్ద గ్లాసు నిండా నీళ్ళు తాగుతున్నా, ఉత్తి నీళ్ళే.