మానెడు నెయ్యి

ఆదివారం, కందుకూరు

పొద్దుటి నుంచీ నెల్లూరు జిల్లా శాసనాలతోనే సరిపోయింది. బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి 1905లో మద్రాసులో అచ్చువేయించిన మూడు సంపుటాలివి. కనిగిరి, పొదిలి, దర్శి శాసనాలు కావాలన్నా ఇందులోనే వెతకాలి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఆ తాలూకాలు నెల్లూరువే.

శాసనం చేతికి రాగానే చూపు బిరుదావళి మీదికి పోతుంది. రాజుల వరస కట్టడానికి అది చాలు. జనం ఎట్లా బతికారో తెలియాలంటే మాత్రం చివరి నాలుగు పంక్తులు చదవాలి. అఖండదీపం శాసనాలనే తీసుకుంటే, తెలుగు గుళ్లలో ఒక దీపానికి 50, 55 గొర్రెలు ఇవ్వడం మామూలు. ఫలానా బోయుడు, అంటే మంద కాపరి, ఆ గొర్రెలను ‘చేకొని’, తన కొడుకులూ మనవల తరం దాకా ‘నిత్య మానెడు నెయి’ పోయాలి. ఈ ఒక్క వాక్యంలో కొలత ఉంది, వృత్తి ఉంది, తరాలకు కట్టిపడేసిన బాధ్యత ఉంది. చోళుల తమిళ శాసనాల్లో దీపానికి 90, 96 గొర్రెలు. వాటిని చావని, ముదియని గొర్రెలంటారు. నిజంగా చావవని కాదు, లెక్క తగ్గకూడదని. రోగమొచ్చి మంద పలచబడితే పుట్టిన పిల్లలతో పూడ్చుకోవలసింది కాపరే. దాత పేరు రాతికెక్కింది, నష్టం కాపరి ఇంటికి చేరింది. సాంఘిక చరిత్రంటే నాకు ఇదే. మల్లంపల్లి సోమశేఖరశర్మ గారి రెడ్డిరాజ్యాల చరిత్ర 1948 నాటిదైనా ఇప్పటికీ తీసి చూస్తున్నామంటే, ఆయన యుద్ధాల దగ్గర ఆగకుండా పన్నులు, సేద్యం, వర్తకం దాకా పోబట్టే.

తేదీ దగ్గర తొందర పనికిరాదు. శకవర్షానికి 78 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది గానీ మాఘ, ఫాల్గుణాలైతే 79 కలపాలి. సరిచూసుకోవడానికి శకవర్షానికి 12 కలిపి 60తో భాగించాలి. శేషం ప్రభవ నుంచి ఎన్నో సంవత్సరమో చెబుతుంది. కాకతీయ గణపతిదేవుడి మోటుపల్లి అభయశాసనం శకం 1166. పన్నెండు కలిపితే 1178, శేషం 38, అంటే క్రోధి. శాసనంలోనూ క్రోధే. ఒక్కటి తేడా వస్తే గడిచిన సంవత్సరం కాక నడుస్తున్న సంవత్సరం లెక్కవేశారేమో చూడాలి. అంతకు మించితే ముందు అంకెను మళ్లీ చదవాలి, ఆ తర్వాతే శాసనాన్ని శంకించాలి.

అచ్చు పాఠం మీద అనుమానం వస్తే రాయి దగ్గరికి పోక తప్పదు. అక్షరాల్లో నిండిన సున్నాన్ని ఇనుప బ్రష్‌తో గీకకూడదు, సున్నంతో పాటు అక్షరం గీత కూడా పోతుంది. నీళ్లతో నానబెట్టి మెత్తని కుంచెతో కడగాలి. శాసనం నకలు తీయాలంటే రాయి మీద తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేలా బ్రష్‌తో కొట్టి, కాస్త ఆరాకే సిరా అద్దాలి. తడి ఎక్కువుంటే సిరా గుంటల్లోకి పాకి అక్షరం పూడిపోతుంది. పూర్తిగా ఎండితే కాగితం రాయిని వదిలి లేచి, అద్దేటప్పుడు జరుగుతుంది.

అన్నిటికంటే ముందు చూడవలసింది శాసనం చెక్కిన రాతి పలక అడుగుభాగం. గుడి ఆవరణలో మట్టి మెరక వేసినా, కొత్తగా బండలు పరిచి సిమెంటు పోసినా మొదట పూడేది చివరి పంక్తులే. బిరుదులన్నీ పైన ఎండలో భద్రంగా ఉంటాయి, గొర్రెలూ నెయ్యీ నేల కిందికి పోతాయి.